తంగేడుదిన్నె అంతరించిన వైనం

పురావస్తు శాఖ మంత్రిగారు పదకొండు రోజుల అధ్యయన యాత్ర మీద మెక్సికో, గ్వాటెమాలా వెళ్ళి వచ్చారు. అక్కడి అడవుల్లో మాయా జాతివాళ్ళు వెయ్యేళ్ళ కిందట వదిలేసిన నగరాలు చూశారు. చెట్ల మీదుగా తలలెత్తిన మెట్ల పిరమిడ్ల ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. విమానంలోంచి లేజరు కాంతి కురిపిస్తే అడవి కింద దాక్కున్న నగరాలన్నీ కంప్యూటరులో తేలతాయని గైడు చెబితే నోరు తెరుచుకుని విన్నారు. తిరిగొచ్చి విమానాశ్రయంలో దిగీ దిగగానే విలేకరులతో, "మయుడు మనవాడే. మయసభ కట్టినవాడే అక్కడికి పోయి మాయా అని పేరు పెట్టుకున్నాడు. శిష్యులకు అన్నేసి నగరాలుంటే గురువుగారి సొంతగడ్డ మీద ఒక్కటీ లేకపోవడమేమిటి?" అని నిలదీశారు.

విలేకరుల దగ్గర దానికి జవాబు లేదు. శాఖ దగ్గర మాత్రం వారం తిరక్కుండా ఉత్తర్వు తయారైంది. పథకం పేరు "జిల్లాకొక లుప్త నగరం". ప్రతి జిల్లా పురావస్తు అధికారీ తొంభై రోజుల్లో తన పరిధిలో పోయిన నగరాన్ని ఒకదాన్నైనా కనుక్కోవాలి. విస్తీర్ణం యాభై ఎకరాలకు తగ్గకూడదు. పిరమిడ్ ఉన్నవాటికి ప్రాధాన్యం.

ఆ ఉత్తర్వు అందుకున్నవాళ్ళలో నిడుముక్కల మందాకిని ఒకతె. పల్నాటి వైపు ఒక జిల్లాకి సహాయ సంచాలకురాలు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆమె రెండు బౌద్ధ స్తూపాల పునాదులు, యుద్ధంలో పోయినవాడి గుర్తుగా నిలిపిన వీరగల్లు ఒకటి, బస్తాల కొద్దీ కుండపెంకులు బయటికి తీసింది. పెంకు చేతికిస్తే అంచు తడిమి ఏ కాలానిదో చెప్పగలదు. మనుషుల దగ్గర ఆ నేర్పు లేదు కాబట్టే పదోన్నతి రాలేదని తోటి ఉద్యోగులు అనేవారు.

ఆమె ఉత్తర్వును నమ్మి రెండు నెలలు జీపులో జిల్లా అంతా తిరిగింది. ముళ్ళకంపల్లో పడి నడిచింది. చివరికి ఉన్నమాట రాసి పంపింది: ఈ జిల్లాలో లుప్త నగరమేదీ కనబడలేదు.

సంచాలకులు త్రిపురాంతకం గారి నుంచి నాలుగో రోజే జవాబొచ్చింది. ఆయన నోటితో మాట్లాడినా కాగితం మీద రాసినట్టే ఉంటుంది. కాగితం మీద రాస్తే శాసనంలా ఉంటుంది.

"తమ లేఖను క్షుణ్ణముగా పరిశీలించడమైనది. లుప్త నగరము కనబడలేదని తెలియజేసియున్నారు. కనబడకపోవుటయే లుప్తత యొక్క ప్రథమ లక్షణమని తమకు తెలియనిది కాదు. కావున తమ లేఖను అట్టి నగరము కలదనుటకు ప్రాథమిక ఆధారముగా స్వీకరించి, విమాన సర్వేకు ఆదేశించడమైనది."

విమానం వచ్చింది. జిల్లా మీద మూడు రోజులు అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయింది. పదిహేను రోజులకు మందాకినికి రాజధాని నుంచి పిలుపొచ్చింది.

సమావేశ మందిరంలో దీపాలార్పి తెర మీద పటం చూపించారు. చూపించినవాడు సర్వే కంపెనీ తరఫున వచ్చిన కశ్యప్ అనే యువకుడు. ఏసీ గదిలో కూడా అంచులున్న టోపీ పెట్టుకున్నాడు.

"మొత్తం రెండు వందల పద్నాలుగు కట్టడాలు," అన్నాడతను. "తిన్నని వీధులు. నడిమధ్య నలుచదరపు ప్రాంగణం. ఉత్తరాన మెట్ల పిరమిడ్, పదకొండు మీటర్ల ఎత్తు. పడమట పవిత్ర జలకూపం. మాయావాళ్ళు ఇలాంటి వాటిలోనే దేవతలకు కానుకలు వేసేవాళ్ళు. ఇదిగో, ఇది బంతి ఆటస్థలం. మాయా నగరమన్నాక బంతి ఆటస్థలం ఉండి తీరాలి."

గదిలో చప్పట్లు మోగాయి. మందాకిని కుర్చీలో ముందుకు వంగి పటాన్ని చూసింది. వీధులు ఎక్కడో చూసినట్టున్నాయి. మూడో మలుపు దగ్గర తాను ఎప్పుడూ టీ తాగే కొట్టు గుర్తుకొచ్చింది.

"సార్, ఇది తంగేడుదిన్నె," అంది.

"పేరు కూడా లభించినదా!" త్రిపురాంతకం గారు గబగబా రాసుకున్నారు.

"అది కాదు సార్. అది ఊరు. మనుషులున్నారు. ఆ పిరమిడ్ నాపరాళ్ళ క్వారీ వాళ్ళు పోసిన చెత్తరాళ్ళ గుట్ట. జలకూపం పాత క్వారీ గుంట, అందులో గేదెల్ని కడుగుతారు. బంతి ఆటస్థలం బడిపిల్లల వాలీబాల్ కోర్టు. ఇళ్ళ మీద సొరతీగలూ గుమ్మడితీగలూ పాకించుకుంటారు, అందుకే పైనుంచి అడవిలా కనిపించుంటుంది."

కశ్యప్ నొచ్చుకోలేదు. "మేడమ్, మా సాఫ్ట్‌వేర్ చెట్లు, తీగలు, ఆధునిక అవాంతరాలు అన్నీ తీసేస్తుంది. తీసేయగా మిగిలినదే నగరం."

"ఆ తీసేసిన వాటిలో మనుషులున్నారు."

"వాళ్ళు అవాంతరాల కింద వస్తారు మేడమ్."

"రోజుకు రెండుసార్లు బస్సు వెళ్తుంది సార్ ఆ ఊరికి!" అంది మందాకిని సంచాలకుల వైపు తిరిగి.

"ఒక స్థలమునకు బస్సు వెళ్ళుచుండుట, ఆ స్థలము లుప్తము కాదనుటకు నిదర్శనము కానేరదు," అన్నారు త్రిపురాంతకం గారు.

ఆమె ఆఖరి ప్రయత్నం చేసింది. "సార్, అసలు మాయా నగరాలు కూడా పోయింది బయటివాళ్ళకే. అడవిలో చెట్ల బంక తీసుకునే కూలీలకు ఆ గుట్టల సంగతి ముందే తెలుసు. మాయా జనం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే మొక్కజొన్న పండించుకుంటున్నారు, వాళ్ళ భాష మాట్లాడుకుంటున్నారు."

"అది వారి పథకములోని లోపము," అన్నారు సంచాలకులు. "మన పథకములో అట్టి లోపమునకు తావుండరాదు."

తంగేడుదిన్నె క్రీస్తుశకం ఆరో శతాబ్దంలో వెలసి, తొమ్మిదో శతాబ్దంలో అంతరించినట్టు ఆ గురువారమే రాజపత్రంలో అచ్చయింది. రక్షిత ప్రాంతం కాబట్టి అందులో ఎవరూ నివసించరాదు. నలభై అయిదు రోజుల్లో ఖాళీ చేయాలి. ముప్ఫై కిలోమీటర్ల అవతల స్థలం చూపిస్తారు. నోటీసులు అంటించవలసిన అధికారి, నిబంధనల ప్రకారం, మందాకినే.

ఆమె జిగురు డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి సర్పంచ్ బత్తుల నాంచారమ్మ గుమ్మం పక్కన బీరపాదుకు నీళ్ళు పోస్తోంది. యాభై అయిదేళ్ళ మనిషి. ఇరవయ్యేళ్ళు క్వారీలో రాయి చీల్చిన చేతులు. స్తూపం తవ్వకాల రోజుల నుంచీ ఇద్దరికీ పరిచయం.

"ఏందమ్మా అది, గోడకి?"

"మీ ఇంటి నంబరు నాంచారమ్మా. పదిహేడో కట్టడం. ఆరో శతాబ్దానిది."

నాంచారమ్మ చెంబు కింద పెట్టి దగ్గరికొచ్చింది. "ఈ ఇల్లు మా ఆయన కట్టినాడు, పెద్ద తుఫాను వచ్చిన యేడు. ఆరో శతాబ్దంలో సిమెంటు యాడిదమ్మా?"

మందాకిని నోటీసు మొత్తం చదివి వినిపించింది. ఈ నగరంలో కనిపించిన మనుషులు ఆక్రమణదారులైనా అయుండాలి, లేదా అంతరించినవారి వారసులైనా అయుండాలి. పన్నెండు వందల ఏళ్ళ వంశవృక్షం చూపించి వారసులమని రుజువు చేసుకుంటే, ఏడాదికొక రోజు వచ్చి నగరాన్ని చూసుకుపోవచ్చు.

నాంచారమ్మ నోటీసు మీద చెయ్యి పెట్టి చూసింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా చేరారు.

"మేం పోయినామని మీరే రాసుకుని, మళ్ళా మమ్మల్నే పొమ్మంటన్నారా?"

"నేను రాయలేదు నాంచారమ్మా."

"రాసినోళ్ళు మాకు తెలవదు. అతికించేది నువ్వేగా."

మందాకిని జిగురంటిన వేళ్ళు చీరకొంగుకు తుడుచుకుంది. నాంచారమ్మే లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చింది. "తాగు. ఎండన పడొచ్చావు," అంది, మొహం పక్కకి తిప్పుకునే. మందాకిని గ్లాసు ఖాళీ చేసి జిగురు డబ్బా అందుకుంది. ఇంకా నూట తొంభై ఏడు గోడలున్నాయి.

పదిరోజులకు "పతన కారణ నిర్ధారణ సంఘం" వచ్చింది. గొప్ప నాగరికతలన్నీ ఏదో ఒక కారణం వల్ల కూలాయి కాబట్టి ఇది ఎందుకు కూలిందో తేల్చాలి. అధ్యక్షులు ఆచార్య పరిమి దక్షిణామూర్తి గారు. ఊరి నడుమ నాంచారమ్మ వేయించిన నులకమంచం మీద కూర్చుని, ఊరివాళ్ళిచ్చిన టీ ఊదుకుని తాగుతూ, తన గుమాస్తా చేత మొదటి వాక్యం రాయించారు: "సంఘము పర్యటించిన సమయమున నగరమునందు నరసంచారము కానరాలేదు."

మంచం చుట్టూ ఉన్న నాలుగు వందల మంది అది విన్నారు.

"అమ్మా," అన్నారాయన నాంచారమ్మతో, ఎంతో దయగా. "ఈ నగరం ఎందుకు పతనమైందంటారు? అనావృష్టా? యుద్ధమా? అంటురోగమా?"

"నాలుగేళ్ళు వానల్లేక అల్లాడినం సారూ. అప్పుడు పోలా. క్వారీ మూతబడింది. అప్పుడూ పోలా. ఈ బోరు నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయినయ్, ఐనా యాడికీ పోలా. మంచినీళ్ళ గొట్టం వేయండని ఇరవై రెండేళ్ళ బట్టి అర్జీలు పెడతన్నాం. ఇంకేం రాకపోయినా, ఇప్పుడు మీరొచ్చారు."

ఆచార్యులవారి కళ్ళు మెరిశాయి. "రాసుకోవయ్యా. పతనమునకు పూర్వము దీర్ఘకాలిక నీటి ఎద్దడి. అచ్చం మాయా నగరాల్లాగానే!"

జనంలో ఒక ముసలాయన పక్కవాడి చెవిలో, "మనం ఎప్పుడు పోయినామంటన్నాడ్రా?" అని అడిగాడు. "తొమ్మిదో శతాబ్దంలోనంట తాతా," అన్నాడు వాడు. "మరి మొన్న పింఛను ఎవరు తీసుకున్నారు?" అన్నాడు ముసలాయన.

ప్రభుత్వంలో ఏ ఉత్తర్వైనా ఒంటరిగా పోదు. దాని కింద నకళ్ళు అందవలసినవారి జాబితా ఉంటుంది. త్రిపురాంతకం గారి ఉత్తర్వు నకలు పదకొండు శాఖలకు వెళ్ళింది. ఒక్కో శాఖా తన విధి తాను నిర్వర్తించింది. అంతరించిన నగరానికి ప్రయాణికులుండరని బస్సు ఆపేశారు. రేషను దుకాణాన్ని పక్క ఊళ్ళో కలిపారు. బడిపంతులు బదిలీ అయ్యాడు. నాంచారమ్మకు ఆమె చెల్లెలు పంపిన పెళ్ళి శుభలేఖ మీద "గ్రహీత నాగరికత అంతరించినది" అని ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపారు.

నాంచారమ్మ నాలుగు మైళ్ళు నడిచి, రోడ్డెక్కి, బస్సు పట్టుకుని మందాకిని ఆఫీసుకొచ్చింది. గడువు ఇంక పన్నెండు రోజులే ఉంది. తెచ్చిన పిటిషన్లన్నీ బల్ల మీద పెట్టింది. కలెక్టరు గారికి, మంత్రిగారికి, సంచాలకులకు. అన్నిటి మీదా ఒకటే జవాబు: అర్జీదారు నివాసస్థలం అంతరించినందున అర్జీ పరిశీలనార్హం కాదు.

"మంత్రిగారు మన నియోజకవర్గమే గదమ్మా," అంది నాంచారమ్మ నీరసంగా. "పోయినసారి ఇంటింటికీ వచ్చి చేతులు పట్టుకున్నాడు. గెలిచింది మూడొందల పన్నెండు ఓట్లతో. మా ఊరివే ఆరొందల నలభై. అన్నీ ఆయనకే గుద్దినం. ఇప్పుడు చూడు."

మందాకిని తలెత్తింది. "ఎన్ని ఓట్లన్నావు?"

"ఆరొందల నలభై."

మందాకిని ఫైలు తెరిచి నకళ్ళ జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చింది. రవాణా ఉంది. విద్య ఉంది. తపాలా ఉంది. పశుసంవర్ధక శాఖ కూడా ఉంది. ఓటర్ల జాబితా చూసే విభాగం లేదు. ఎవరో మరిచిపోయారు.

ఉద్యోగంలో ఆమె ఎప్పుడూ పై అధికారి రాసినదానికి ఒక్క అక్షరం చేర్చలేదు. తెలిస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. సర్వీసు పుస్తకంలో ఎర్రగీత, ఏ మూలకో బదిలీ. కొంతసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. ఆ తరవాత కొత్త లేఖ టైపు చేసింది. రాజపత్రం ప్రకారం అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"తంగేడుదిన్నె వాస్తవ్యులు తొమ్మిదవ శతాబ్దముననే అంతరించియున్నందున, వారి పేర్లు ఓటర్ల జాబితాలో కొనసాగుట నిబంధనలకు విరుద్ధము. తగు చర్య నిమిత్తము పంపడమైనది. నకలు: గౌరవ మంత్రివర్యుల ఆంతరంగిక కార్యదర్శి, సమాచార నిమిత్తము."

"ఏం రాసినావమ్మా?" అని అడిగింది నాంచారమ్మ.

"మీ ఓట్లు తీసేయమని."

నాంచారమ్మ ఒక క్షణం ఆమె మొహంలోకి చూసింది. తరవాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అమ్మ నీ! నీకు మనుషుల సంగతి తెలవదని ఎవరన్నారు?"

మూడో రోజు పొద్దున్నే అత్యవసర సమావేశమన్నారు. మంత్రిగారి గదిలో త్రిపురాంతకం గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మందాకిని తలుపు పక్కనే ఆగింది.

"తంగేడుదిన్నెలో నా ఆరు వందల నలభై ఓట్లు ఏమయ్యాయయ్యా?" అన్నారు మంత్రిగారు.

"అంతరించినవండి."

"ఎప్పుడు?"

"తొమ్మిదవ శతాబ్దములోనండి."

"పోయినసారి నాకే కదయ్యా వేశారు!"

"అది వారి భక్తివిశేషమండి."

మంత్రిగారు బల్ల మీద చెయ్యి వేసి కొట్టారు. "నాకవన్నీ తెలియవు. నగరం రద్దు చేసెయ్."

త్రిపురాంతకం గారు కట్టుకున్న చేతులు విప్పి మళ్ళీ కట్టుకున్నారు. "చిత్తము. కానీ రాజపత్రములో ఒకపరి అంతరించిన దానిని అంతరించలేదనుటకు నిబంధనలు అనుమతించవండి. పైగా 'జిల్లాకొక లుప్త నగరం' పథకములో ఇప్పటికి దొరికినది ఇదొక్కటేనండి. దీనిని రద్దు చేసినచో పథకమే లుప్తమగును."

మందాకిని దగ్గింది. తనకు ఆ భాష రాదని ఇన్నాళ్ళూ అనుకునేది. తీరా నోరు తెరిస్తే ధారాళంగా వచ్చింది.

"రద్దు చేయనక్కర్లేదండి. మన చట్టములోనే పునరుద్ధరణ నిబంధన కలదు. రక్షిత స్థలమును దాని పూర్వస్థితికి తీసుకొనివచ్చుట శాఖ యొక్క విధి. తంగేడుదిన్నె పూర్వస్థితి యనగా, అందు జనులు నివసించుట. కావున జనులను యథాస్థానమున ఉంచుటయే పునరుద్ధరణ యగును."

త్రిపురాంతకం గారు ఆమె వైపు చూసిన చూపులో కృతజ్ఞత, అసూయ రెండూ ఉన్నాయి. మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలారు.

"అంటే, పోయిన నగరాన్ని మనం బతికించామన్నమాట!"

"ప్రపంచములోనే ప్రథమమండి," అన్నారు సంచాలకులు, ఆలోచన తనదే అయినట్టు.

పునరుద్ధరణోత్సవం ఘనంగా జరిగింది. చెత్తరాళ్ళ పిరమిడ్ ముందు వేదిక కట్టారు. "మెక్సికోలో వందేళ్ళు తవ్వి ఒక్క మనిషిని కూడా బయటికి తీయలేకపోయారు," అని మంత్రిగారు మైకులో గర్జించారు. "మనం నూట ఆరు రోజుల్లో ఆరు వందల నలభై మందిని తీశాం!" పిల్లల్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. పదకొండు శాఖలకూ మళ్ళీ నకళ్ళు వెళ్ళాయి. బస్సు తిరిగి వచ్చింది, రోజుకు నాలుగుసార్లు. పంతులు వచ్చాడు. ఆచార్య దక్షిణామూర్తి గారి నివేదికలో నీటి ఎద్దడి వల్లే నాగరికత కూలిందని ఉంది కాబట్టి, అది మళ్ళీ కూలకుండా మంచినీళ్ళ గొట్టం మంజూరైంది. ఇరవై రెండేళ్ళ అర్జీలకు రానిది అంతరించిన మూడు నెలలకే వచ్చింది.

ఆ వార్త పాకగానే చుట్టుపక్కల ఊళ్ళ సర్పంచులు మందాకిని ఆఫీసు ముందు బారులు తీరారు. "మా ఊరు కూడా పోయిందని రాయండమ్మా. ఒక్క మూణ్ణెల్లు. మాకూ రోడ్డు కావాల." వాళ్ళ కోసం త్రిపురాంతకం గారు దరఖాస్తు ఫారం అచ్చు వేయించారు. "ఏ శతాబ్దములో అంతరించగోరుచున్నారు?" అన్నది అందులో మూడో ప్రశ్న.

గొట్టం పని చూడటానికి పునరుద్ధరణాధికారి హోదాలో మందాకిని తంగేడుదిన్నె వెళ్ళింది. నాంచారమ్మ ఇంటి వెనక వీధిలో కూలీలు కాలవ తవ్వుతున్నారు. నడుంలోతు పోయాక గడ్డపార ఠంగుమంది.

మందాకిని ఆ చప్పుడు విని ఆగిపోయింది. చెప్పులు విడిచి కాలవలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తుడిచింది. ఇటుక. ఇప్పటి ఇటుకకు రెండింతల పొడవు. దాని పక్కన ఇంకొకటి, దాని కింద ఇంకో వరస. తిన్నగా, తూర్పు నుంచి పడమరకు పోతున్న గోడ. దాని మొదట్లో ఎర్రటి పెంకు ఒకటి కనిపిస్తే తీసి అంచు తడిమింది. పద్దెనిమిది వందల ఏళ్ళు. ఎంత లేదన్నా.

పందొమ్మిదేళ్ళలో ఆమె ఇంత పెద్ద గోడ చూడలేదు. ఈ కబురు పైకి పంపితే చాలు, పదోన్నతి. కాలవ గట్టు మీద నాంచారమ్మ నిలబడి ఉంది.

"పాతదా?"

"పాతదే. మన రాజపత్రంలో రాసినదానికంటే పాతది."

"అంటే," నాంచారమ్మ గొంతు తగ్గింది, "ఈసారి నిజంగానే పోవాల్నా?"

మందాకిని జీపులోంచి టేపూ, కాగితాలూ తెప్పించుకుంది. ఆ రోజంతా, మర్నాడంతా ఆ కాలవలోనే కూర్చుని ఒక్కో ఇటుకా కొలిచి బొమ్మ గీసింది, ఫొటోలు తీసింది. మూడో రోజు గోడకు మెత్తటి ఇసక కప్పించి, పైన మట్టి పోయించింది. మట్టిలో ఉంటే గోడకు ఇంకో పద్దెనిమిది వందల ఏళ్ళు ఢోకా లేదు. కొలతలన్నీ వ్యాసంగా రాసి ఒక పరిశోధన త్రైమాసిక పత్రికకు పంపింది. పండితులెవరికైనా కావలసివస్తే దొరుకుతుంది. శాఖలో దాన్ని చదివేవాళ్ళు లేరు.

"ఎవురి ఇల్లమ్మా అది?" అని అడిగింది నాంచారమ్మ, ఆఖరి తట్ట మట్టి పడుతుంటే.

"తెలియదు. ఇక్కడే ఉండేవాళ్ళెవరిదో."

నాంచారమ్మ తల ఊపింది. కొంగు నడుముకు దోపుకుని కూలీల వైపు నడిచింది.

"ఏమయ్యా, గొట్టం అటు పక్కకి తిప్పండి," అంది. "కింద మావాళ్ళు ఉండారు."